పల్లవి తాళంలో కూర్చోకపోతే: నా అనుభవం

పర్లాకిమిడి మీదుగా నౌపడ–గుణుపురం మధ్య 2004 వరకు నడిచిన చిన్న రైలు గురించి అమ్మమ్మ చెప్పిన మాటల నుంచి నా పాట పుట్టింది. పల్లవి ఇది: ‘రైలు పోయిన దారి వెంబడి రెల్లు పూసెను తెల్లగా.’ చదివితే హాయిగా ఉండేది. ఆదితాళంలో పాడితే మాత్రం ‘రెల్లు’ కాస్తా ‘రేల్లు’గా సాగేది. రాగం మార్చాను, శ్రుతి తగ్గించాను, మాటలు కత్తిరించాను; ఫలితం లేదు.

చివరికి గిటారు పక్కన పెట్టి, పల్లవిని మామూలుగా చదివి ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఆ తరువాత అక్షరాలపై లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు వేస్తే, మొదటి పాదం ‘రైలు’ మూడు, ‘పోయిన’ నాలుగు, ‘దారి’ మూడు, ‘వెంబడి’ నాలుగుగా, అంటే గురజాడ వారి ముత్యాలసరం ఛందస్సు నడకలో, పద్నాలుగు మాత్రలకు వచ్చింది. దాన్ని ఆదితాళపు పదహారు మాత్రలకు లాగడమే నా తప్పు. ‘తకిట తకధిమి’ అని ఏడేసి మాత్రల మిశ్రగతిలో చప్పట్లు వేస్తూ, ముందు ఒకే స్వరం మీద పాడి, అది కుదిరాకే వరస కట్టాను. రెండో పాదం చివర మిగిలిన రెండు మాత్రలు ఊపిరికి సరిపోయాయి.

వచనంలా సాగే పాటలకు ఇది పనికొస్తుందని చెప్పలేను. నా ఒడియా పాటకైతే కుదరలేదు.