చెమ్మ ఇంట్లో బూజును కొలవాలంటే

నవంబరు వానలు తగ్గేసరికి నెల్లూరులో చాలా ఇళ్లలో బీరువా వెనక గోడ నల్లబడి, మడత పెట్టిన బట్టలకి కూడా ముక్కిన వాసన వస్తుంది. అప్పుడు ల్యాబ్‌కి వచ్చి "మా ఇంట్లో బూజు ఎంతుందో ఒక్క నంబరు చెప్పండి" అంటారు. (సాలెపురుగు బూజు కాదు, గోడకి పట్టే ఫంగస్ సంగతి.) ఇంత దాటితే ప్రమాదం అనే హద్దు 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా లేదు. అందుకే ముందు కళ్లతో, ముక్కుతో ఇల్లంతా వెతకండి, తడి కొలిచే మాయిశ్చర్ మీటర్‌తో గోడలు చూడండి, శాంపిల్ సంగతి ఆ తర్వాత.

2021 నవంబరులో పెన్నా పొంగాక మా ఇంట్లో నేను చేసిన తప్పు చెప్తాను. మూత తీసిన పెట్రి ప్లేటు (ఫంగస్ పెరగడానికి అగార్ అనే జెల్లీ పోసిన గుండ్రటి పళ్లెం) గంటసేపు గదిలో పెట్టాను, నాలుగే కాలనీలు (ఫంగస్ మొలిచిన మచ్చలు) వచ్చాయి, హమ్మయ్య అనుకున్నాను, అమ్మ దగ్గు మాత్రం తగ్గలేదు. బరువైన స్పోర్లే (ఫంగస్ విత్తనాల్లాంటి కణాలు) త్వరగా కింద పడతాయి, ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం లాంటి ఫంగస్ రకాల చిన్న స్పోర్లు గాలిలోనే తేలుతుంటాయి. ఆ పద్ధతిని దయచేసి నమ్మొద్దు.

గాలి శాంపిల్‌కి ఆండర్సన్ ఇంపాక్టర్ (గాలిని లాగి అందులోని స్పోర్లని ప్లేటు మీద పడేసే పరికరం) వాడండి. 400 రంధ్రాల పళ్లెం కింద అగార్ ప్లేటు పెట్టి నిమిషానికి 28.3 లీటర్ల గాలి లాగించాలి, పంపు వేగం ప్రతిసారీ ముందే సరిచూసుకోవాలి. 5 నిమిషాలకి 141.5 లీటర్లు, అంటే 20 కాలనీలు మొలిస్తే క్యూబిక్ మీటరుకి సుమారు 141 కాలనీలు. చెమ్మ ఇష్టపడేవాటికి మాల్ట్ అగార్, కొంచెం పొడిలో పెరిగేవాటికి డీజీ18 అనే మరో రకం అగార్, రెండూ పెట్టి 25 డిగ్రీల దగ్గర 5 నుంచి 7 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచండి, మన గది వేడికి వదిలేస్తే లెక్క మారిపోతుంది. అదే రోజు, అదే పూట బయట కూడా శాంపిల్ తీయడం తప్పనిసరి. మన ఇళ్లలో కిటికీలు తెరిచే ఉంటాయి, చుట్టూ వరి పొలాలు, కోతలప్పుడు బయటి గాలిలోనే క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా అనే ఫంగస్ రకాలు బాగా ఉంటాయి. బయట లేని రకం లోపల ఎక్కువగా కనిపిస్తే మూలం ఇంట్లోనే ఉందని అర్థం.

కానీ ప్లేటు మీద బతికున్నవే మొలుస్తాయి, చచ్చిన స్పోర్లు కూడా అలర్జీ తెస్తాయి కదా. వాటి కోసం స్పోర్ ట్రాప్ క్యాసెట్ (గాలి లాగితే స్పోర్లు జిగురుకి అంటుకునే చిన్న డబ్బా) తీసుకుని మైక్రోస్కోప్ కింద లెక్కపెడతాం, అయితే అందులో ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం స్పోర్లు రెండూ ఒకేలా గుండ్రంగా కనిపిస్తాయి, విడదీయలేం.

నా మటుకు నాకు ఎక్కువ నమ్మకం దుమ్ము మీద. గాలి శాంపిల్ ఆ ఐదు నిమిషాల సంగతే చెప్తుంది, మంచం చుట్టూ నేల మీద, పరుపు మీద పేరుకున్న దుమ్ము వారాల సంగతి చెప్తుంది. కొలిచి గుర్తు పెట్టిన చోటు నుంచి వ్యాక్యూమ్‌కి ఫిల్టర్ తగిలించి తీయండి, జల్లెడ పట్టి తూకం వేసి, వెంటనే పరీక్షించకపోతే ఫ్రీజర్‌లో పెట్టండి. డీఎన్‌ఏని లెక్కించే క్యూపీసీఆర్‌తో ఏ జాతి ఎంతో తెలుస్తుంది. ఫంగస్ కణాల్లో ఉండే బీటా గ్లూకాన్, ఎర్గోస్టెరాల్ అనే పదార్థాల పరీక్షలైతే మొత్తం ఫంగస్ అంచనా ఇస్తాయిగానీ జాతి పేరు చెప్పవు.

గోడ మీద మచ్చకి పారదర్శకమైన సెల్లో టేపు చాలు: మెల్లగా అంటించి తీసి, స్లైడు మీద ఒక చుక్క లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే నీలి రంగు వేసి చూస్తే నీలం దారాలు, వాటి కొసన గింజల్లా స్పోర్లు కనిపిస్తాయి.

డాబా పగులు పూడ్చి, కారే పైపు మార్చాక మళ్లీ కొలవాలంటే ముందు పాత దుమ్మంతా తీసేసి, కొన్ని వారాలు ఆగి, అదే గదిలో అదే పద్ధతిలో కొలవండి, లేకపోతే చచ్చిన బూజు డీఎన్‌ఏనే మళ్లీ రిపోర్టులో వస్తుంది.