అతిథుల పానీయాల అలమర – 4వ పాఠం: గడ్డకట్టిన సీసాలు, ఆ తర్వాత నన్నారి

ఈ వారం నేరుగా నన్నారితో, అంటే సుగంధిపాల వేరు షర్బత్‌తో, మొదలుపెట్టాలనుకున్నాను. అయితే పోయిన పాఠం చూసి సిరప్ కాచినవాళ్లలో ముగ్గురు తమ సీసాలు తెచ్చి మా వంటగట్టు మీద పెట్టారు. రెండు సీసాల అడుగున చక్కెర పటికబెల్లం పలుకుల్లా గట్టిపడింది. తలకిందులు చేసి తట్టినా ఊడి రాలేదు. మూడోదాని మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగింది, పులిసిన వాసన వేసింది. ముందు వీటి సంగతి తేల్చాలి.

పోయిన పాఠంలో నేను ‘పాకం’ అనే మాట వాడాను. తప్పు అక్కడే జరిగింది. ఆ మాట వినగానే మన చేయి బాదుషాల వైపు పోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగేదాకా పొయ్యి ఆర్పబుద్ధి కాదు. షర్బత్‌కు తీగ అక్కరలేదు, జిగురూ అక్కరలేదు. చక్కెర కరిగితే చాలు, దించేయాలి. 20 డిగ్రీల దగ్గర నీరు తనలో నిలుపుకోగల చక్కెర, సిరప్ మొత్తం బరువులో నూటికి 67 పాళ్లే. తీగ సాగేసరికి ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. చల్లారాక మిగిలిన చక్కెర అడుగున పేరుకోక ఏం చేస్తుంది? రెండు సీసాల్లో జరిగింది అదే. పైగా ఒకరు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టారు. చల్లబడేకొద్దీ నీటికి చక్కెరను పట్టుకునే శక్తి తగ్గుతుంది. ఇంత చిక్కటి సిరప్‌ను అలమరలోనే ఉంచండి.

పులిసిన సీసాది వేరే కథ. చక్కెర ఒక గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు పోశారట. దయచేసి గ్లాసుతో కొలవకండి. 240 గ్రాముల నీళ్లు పట్టే గ్లాసులో చక్కెర 200 గ్రాములే పడుతుంది. అంటే ఆ సిరప్‌లో చక్కెర నూటికి 45 పాళ్లే. తిరుపతి ఎండల్లో అది అలమరలో నిలవదు. అలాంటి పలచటి సిరప్ చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి.

కాటా కొనండి. గరిటెలూ గిన్నెలూ ఎన్ని ఉన్నా, ఈ పనికి కాటా లేకపోతే లాభం లేదు. ఖాళీ గిన్నెను తూచి ఆ అంకె గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి. కిలో చక్కెర, 500 గ్రాముల నీళ్లు వేసి సన్నని మంట మీద కరిగించండి. సగం నిమ్మకాయ రసం పిండండి, లేదా రెండు చిటికెల నిమ్మ ఉప్పు వేయండి. ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి మళ్లీ పలుకు కట్టకుండా ఆపుతుంది. దించి చల్లారాక గిన్నెతో సహా తూచండి. గిన్నె బరువు పోను 1,500 గ్రాములు ఉండాలి. 1,440 ఉంటే 60 గ్రాములు ఆవిరైపోయినట్టు. కాచి చల్లార్చిన నీళ్లు అంతే కలపండి. నేను ఇరవై ఏళ్లుగా కాస్తున్నా ఈ తూకం ఒక్కసారీ మానలేదు.

వేడిగా ఉండగా మూత పెట్టకండి. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు పైన పలచటి పొరగా చేరతాయి, బూజు మొదలయ్యేది అక్కడే. సీసా పూర్తిగా ఆరి ఉండాలి. నేను గాజువే వాడతాను.

ఇక నన్నారి. నాటు మందుల అంగడిలో సుగంధిపాల వేరు 100 గ్రాములు అడగండి. విరిచి వాసన చూడకుండా డబ్బులివ్వకండి. వాసన ఉండేది పై బెరడులో. రోట్లో నలగ్గొట్టి, లోపలి తెల్లటి పుల్ల తీసి పారేయండి. మరిగిన నీళ్లు 700 గ్రాములు పోసి, మూత బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున వడకట్టి 500 గ్రాములు తీసుకుంటే పై కొలతలో నీళ్లు అవే. గంటసేపు మరిగిస్తే వీధంతా ఘుమఘుమలాడుతుంది, సీసాలో మాత్రం ఏమీ మిగలదు. రంగులు, ఎసెన్సులు నా అలమరలోకి రావు.

గ్లాసుకు 30 మిల్లీలీటర్లు చాలు. కిలో చక్కెరకు 35 గ్లాసుల పైనే వస్తుంది. అందులో ఒక్కో గ్లాసుకు దాదాపు 27 గ్రాముల చక్కెర పోతుంది కాబట్టి, షుగరు ఉన్నవాళ్లకు ఉప్పు మజ్జిగ వేరుగా కలిపి ఉంచండి. అడిగాక వెతుక్కోవడం వాళ్లను చిన్నబుచ్చినట్టే. నిమ్మరసం అప్పటికప్పుడే పిండాలి, ముందే పిండి ఉంచితే చేదెక్కుతుంది. సబ్జా గింజలు పావుగంట ముందు నానబెట్టండి.

అభ్యాసం: రెండు సీసాలు చేయండి, ఒకటి తూచి, ఒకటి తూచకుండా. రెండింటి మీదా తేదీ రాసి పదిహేను రోజులు కదపకుండా ఉంచండి. ఈలోగా ఒక మధ్యాహ్నం, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి దర్శనం చేసుకుని కొండ దిగిన చుట్టాలు ఎనిమిది మంది గడపలో నిలబడ్డారనుకోండి. వాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చేలోపు ఎనిమిది గ్లాసులూ పళ్లెంలో ఉండాలి. గడియారం పెట్టుకుని చేసి, ఎక్కడ ఆలస్యమైందో రాసుకోండి. పదిహేనో రోజు రెండు సీసాలనూ వెలుతురుకు ఎత్తి అడుగు చూడండి. తోతాపురి గుజ్జు పాఠానికి ఆ రెండింటినీ తీసుకునే రండి.