డ్రమ్ము నుంచి ఇంకు తోడే గాలి పంపు: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ముద్రణ యంత్రాలకు ఇంకు అందించే గాలి పంపు కంప్రెసర్ గాలితో నడుస్తుంది, దానిలో విద్యుత్ మోటారు ఉండదు. అందువల్ల దాన్ని నడిపేవారిలో చాలామందికి, కరెంటే లేనప్పుడు ప్రమాదమెక్కడిదన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా సగమే సరైనది. మోటారు వల్ల పుట్టే నిప్పురవ్వ లేదన్న మాట నిజమే కానీ, గొట్టంలో ద్రవం పరుగెత్తేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు ఇక్కడా ఉంటుంది; పైగా కంప్రెసర్ నుంచి వచ్చిన ఒత్తిడి, వాల్వు మూసిన తర్వాత కూడా పంపులోనూ హోసులోనూ అలాగే నిలిచి ఉంటుంది.

డ్రమ్ములో ఉన్నది ఏ రకం ఇంకో ముందుగా తెలుసుకోవాలి. నీటి ఆధారిత ఇంకుకూ, నూనె ఆధారిత చిక్కటి ఆఫ్‌సెట్ ఇంకుకూ, ద్రావణి (సాల్వెంట్) కలిసిన పలుచని ఇంకుకూ జాగ్రత్తలు ఒకటి కావు. ద్రావణుల్లో తరచుగా వాడే ఇథైల్ ఎసిటేట్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 4 డిగ్రీల సెల్సియస్, టొలూయీన్‌ది సుమారు 4, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది సుమారు 12 డిగ్రీలు. అంటే మామూలు గది వేడిలోనే, ఎవరూ వేడి చేయకుండానే, వాటి ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి నేలబారుగా పాకి గుంటల్లోనూ కాలువల్లోనూ చేరుతుంది. కాబట్టి గాలి ధారాళంగా ఆడాల్సింది తల ఎత్తున మాత్రమే కాదు, కాళ్ల దగ్గర కూడా.

ఎర్తింగ్ విషయంలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: క్లిప్పు పెట్టి ఉంటుంది, కానీ అది డ్రమ్ము పెయింటు మీద ఉంటుంది. పెయింటు విద్యుత్తును పోనివ్వదు. పెయింటును చీల్చి లోహాన్ని పట్టుకునే మొనదేలిన క్లిప్పులు వాడాలి, లేదా గీకి తేల్చిన లోహానికే బిగించాలి. డ్రమ్మును, పంపును, ఇంకు పడే పాత్రను ఒకదానితో ఒకటి తీగతో కలిపి, అన్నింటినీ భూమికి కలపాలి. ఈ లోహపు దారిలో నిరోధం 10 ఓమ్‌లు దాటితే ఎక్కడో అతుకు వదులైందనో, తుప్పు పట్టిందనో అనుమానించాలి. మూత తెరవకముందే క్లిప్పులు పెట్టాలి, మూత బిగించాకే తీయాలి, ఎందుకంటే క్లిప్పు పెట్టే క్షణంలోనే రవ్వ రాలవచ్చు. ద్రావణి ఇంకుకు ప్లాస్టిక్ పంపు గొట్టం పనికిరాదు. విద్యుత్తును భూమికి చేరవేసే హోసే ఉండాలి. ఇంకును పై నుంచి ధారగా పోయకుండా గొట్టం మూతిని పాత్ర అడుగుకు దించి, ఆ మూతి మునిగేవరకు ప్రవాహ వేగం సెకనుకు 1 మీటరు మించకుండా చూడాలి.

ఇక ఒత్తిడి సంగతి. చిక్కటి ఇంకును తోడే పిస్టన్ పంపుల మీద 50:1 వంటి నిష్పత్తి రాసి ఉంటుంది. దాన్ని చాలామంది మోడల్ నంబరులా చూసి వదిలేస్తారు. దాని అర్థం, 6 బార్ గాలి ఇస్తే అవతలి వైపు ఇంకు ఒత్తిడి 300 బార్ వరకు వెళ్లగలదని. గేజ్ మీద కనిపించే 6 చిన్న సంఖ్యే, హోసు భరించాల్సింది మాత్రం 300. హోసు, గొట్టాలను కలిపే కలయికలు, ఇంకు వదిలే గన్ అన్నీ ఆ ఒత్తిడికి తగినవై ఉండాలి, రెగ్యులేటర్‌ను పంపు తయారీదారు చెప్పిన పరిమితికి మించి తిప్పకూడదు. హోసులో సన్నని చిల్లు పడితే అక్కడి నుంచి చిమ్మే ఇంకు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటకు సూది గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. అయినా అది వెంటనే శస్త్రచికిత్స చేసే వైద్యుడికి చూపించవలసిన గాయం. లోపలికి పోయింది ఏ ఇంకో వైద్యుడికి చెప్పాలి. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడటం, గుడ్డ చుట్టి ఆపబోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

గన్ మూయగానే గాలి పంపు తనంతట తానే ఆగిపోతుంది. చప్పుడు ఉండదు. ఈ నిశ్శబ్దమే మనిషిని మోసం చేస్తుంది: పంపు పని అయిపోలేదు, ఒత్తిడి బిగబట్టి నిలబడింది, గన్ కాస్త తెరిస్తే మళ్లీ కదులుతుంది. కాబట్టి ఏ కలయికనైనా విప్పే ముందు గాలి వాల్వు మూసి, లైనులో మిగిలిన గాలిని బయటికి వదిలే వాల్వు ద్వారా ఖాళీ చేసి, ఆపైన గన్‌ను ఎర్తింగ్ చేసిన లోహపు పాత్రలోకి తెరిచి ఇంకు ఒత్తిడిని కూడా దించాలి. గాలి వాల్వుకు తాళం వేసే వీలు ఉండటం మంచిది. గొట్టంలో ఇంకు గడ్డకట్టి దారి మూసుకుపోయిందని అనుమానం వస్తే, గేజ్ సున్నా చూపుతున్నా నమ్మకుండా, కలయికను చాలా నెమ్మదిగా, ముఖానికి దూరంగా వదులు చేయాలి.

డ్రమ్ములోకి పళ్లెం దిగి ఇంకును అదిమే రకం పంపుల్లో చేతులు నలిగే ప్రమాదం ఎక్కువ. పళ్లెం దిగుతున్నప్పుడు దాని కింద చిక్కుకున్న గాలిని వదిలే వాల్వు తెరిచి ఉంచాలి. చేతిని డ్రమ్ము అంచు మీద ఆనించకూడదు. ఖాళీ డ్రమ్ము నుంచి పళ్లెం పైకి తీసేటప్పుడు కింద గాలి నింపుతారు. పళ్లెం రాలేదని తొందరపడి ఆ గాలిని పెంచితే డ్రమ్ము చిట్లవచ్చు, లేదా పళ్లెం ఒక్కసారిగా ఎగరవచ్చు. వీలైనంత తక్కువ గాలితో, డ్రమ్మును పట్టుకునే బిగింపులు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఓపికగా చేయవలసిన పని ఇది.

పలుచని ఇంకును తోడేటప్పుడు డ్రమ్ములోకి గాలి వచ్చే దారి ఉండాలి, లేకపోతే డ్రమ్ము లోపలికి నొక్కుకుపోతుంది. పంపు పాడైనప్పుడు డ్రమ్ములోకే కంప్రెసర్ గాలి ఎక్కించి ఇంకును తోయాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము ఒత్తిడి పాత్ర కాదు, అడుగు ఊడి ఎగురుతుంది.

పంపు లోహానికీ, లోపల పారే ద్రవానికీ పొంతన చూసుకోవాలి. మిథిలీన్ క్లోరైడ్ వంటి క్లోరిన్ ద్రావణులను అల్యూమినియం భాగాలున్న పంపులో వాడితే రసాయన చర్య జరిగి పంపు పేలవచ్చు. కడగడానికి వాడే ద్రవానికీ ఇదే వర్తిస్తుంది, అక్కడే ఎక్కువమంది మరచిపోతారు. అతినీలలోహిత కాంతితో గట్టిపడే యూవీ ఇంకు రాగి, ఇత్తడి తగిలినా, పంపులో రాపిడికి వేడెక్కినా లోపలే గడ్డకట్టవచ్చు. అది చర్మానికి అలర్జీ తెచ్చే ఇంకు కూడా కాబట్టి, నైట్రైల్ చేతి తొడుగులు చిరిగిన వెంటనే మార్చాలి.

డ్రమ్ము ఖాళీ అయినప్పుడు పంపు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. అలా వట్టిగా పరుగెత్తనిస్తే సీళ్లు అరిగిపోతాయి, ఆ దశలో పక్కన మనిషి ఉండాలి. పని ముగిశాక నూనె ఇంకు తుడిచిన గుడ్డలను కుప్పగా వదలకూడదు. ఆరిపోయే నూనె తనంతట తాను వేడెక్కి గుడ్డలను అంటించగలదు. వాటిని మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి, రాత్రికి గాలి లైను కంప్రెసర్ వైపు కట్టేసి, పంపులో ఒత్తిడి పూర్తిగా దించి వెళ్లాలి.