తాళంచెవి లేకుండా తాళంకప్ప తీయడం నేర్చుకోవాలా? కొత్తవాళ్ళ కోసం

ముందే రెండు రూల్స్ చెప్పేస్తా. మీది కాని తాళం ముట్టుకోకూడదు, మీదే అయినా రోజూ వాడే తాళం మీద ప్రాక్టీస్ చేయకూడదు, ఎందుకంటే లోపల స్ప్రింగ్ పాడైతే ఇంటి బయట కూర్చోవాలి.

ఇక ఏ తాళం కొనాలి? మన దగ్గర చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అలీగఢ్ నుంచి వచ్చే పెద్ద పెద్ద తాళాల్లో, గోద్రెజ్ నవ్‌తాల్ లాంటి వాటిల్లో ఉండేవి లివర్లు, అంటే తాళంచెవి లేపే పలచటి లోహపు పలకలు, వాటికి టూల్స్ వేరు, మొదట్లో వాటి జోలికి పోవద్దు. మీకు కావల్సింది పిన్ తాళం, అంటే సూట్‌కేస్‌కి వేసే సైజు చిన్న ఇత్తడి తాళం, తాళంచెవికి ఒక్క అంచునే పళ్ళుంటాయి చూడండి, అది. వీటిల్లో మామూలుగా మూడో నాలుగో పిన్నులుంటాయి, అవన్నీ సరిగ్గా కావల్సినంత ఎత్తుకి లేస్తేనే తాళం తిరుగుతుంది. ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ తాళం లోపల ఏం జరుగుతుందో చూడ్డానికి బాగుంటుంది గానీ, కళ్ళతో చూసి తీయడం అలవాటైపోతుంది, ఇది చేత్తో పట్టాల్సిన విద్య.

టూల్స్ రెండు చాలు: ఒక హుక్ పిక్ (కొన వంగిన సన్నటి కడ్డీ, పిన్నులు లేపడానికి), ఒక టెన్షన్ రెంచ్ (వంచిన చిన్న పట్టీ, తాళాన్ని తిప్పి పట్టడానికి). ఇరవై ముక్కల కిట్ దండగ.

రెంచ్‌ని తాళంచెవి దూరే కంతలో ఒక అంచున పెట్టి, తాళంచెవి తిరిగే వైపు మెల్లగా నొక్కి పట్టుకోండి. ఎంత మెల్లగా అంటే ఫోన్ స్క్రీన్ మీద వేలు పెట్టినంత. అందరూ గట్టిగా నొక్కేస్తారు, అప్పుడు పిన్నులన్నీ బిగుసుకుపోయి ఏదీ కదలదు. ఇప్పుడు పిక్‌తో ఒక్కో పిన్నూ తట్టి చూడండి, కొన్ని స్ప్రింగ్‌లా ఊగుతాయి, ఒకటి మాత్రం మొరాయిస్తుంది. ఫ్యాక్టరీలో పిన్నుల కంతలు వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఒకే లైన్‌లో వేయడం కుదరదు కాబట్టి, బరువు ముందు ఒక పిన్ను మీదే పడుతుంది. దాన్ని నిదానంగా లేపితే చిన్న టిక్ వినిపిస్తుంది, రెంచ్ కాస్త కదిలినట్టుంటుంది. తర్వాత ఇంకోటి బిగుసుకుంటుంది, దాన్ని వెతకండి. ఇలా అన్నీ అయ్యాక తాళం తెరుచుకుంటుంది. ఎక్కువ లేపేస్తే ఇరుక్కుంటుంది, రెంచ్ వదిలేస్తే అన్నీ కిందికి పడతాయి, మళ్ళీ మొదటినుంచి.

అసలు తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా, అదే మ్యాప్. గాడి లోతుగా ఉన్నచోట పిన్ను కొంచెం కదిపితే చాలు, మిట్టగా ఉన్నచోట బాగా ఎత్తాలి.

ఓపిక సంగతంటారా, 1851లో లండన్‌లో హాబ్స్ అనే అమెరికన్‌కి, ఎవరూ తీయలేరని పేరున్న బ్రామా కంపెనీ తాళం తీయడానికి 51 గంటలు పట్టింది, మొత్తం పదహారు రోజుల్లో. మీ ఇత్తడి తాళానికి అంత సీన్ లేదు.

అది అలవాటయ్యాక ఐదారు పిన్నులుండే డోర్ సిలిండర్ (తలుపు తాళంలో తాళంచెవి దూరి తిరిగే భాగం) కొనండి. వాటిల్లో కొన్నిటికి నడుం సన్నగా ఉండే స్పూల్ పిన్నులుంటాయి, సిలిండర్ బాగానే తిరిగి ఆగిపోతుంది, తెరుచుకుందేమో అనిపిస్తుంది, తెరుచుకోదు. అప్పుడు రెంచ్ పట్టు కొంచెం సడలించి ఆ పిన్ను లేపితే సిలిండర్ కాస్త వెనక్కి తిరుగుతుంది, తిరగనివ్వండి, కంగారుపడి బిగించొద్దు.

టూల్స్ మాత్రం ఇంట్లోనే ఉంచండి, అర్ధరాత్రి చెకింగ్‌లో పోలీసోళ్ళకి ఇది హాబీ సార్ అంటే నమ్మరు.