అడవి దారులకు ఫ్యామిలీ ఎస్‌యూవీ కొనేముందు జాగ్రత్తలు

• ముందు మీ దారి ఏదో తేల్చుకోండి. అరకు, లంబసింగి ఘాట్‌లు తారు రోడ్లే. టూవీల్ డ్రైవ్, మంచి టైర్లు చాలు. వానాకాలం బురద ఎక్కాలన్నా, వాగు ఇసుకలో దిగాలన్నా అప్పుడు ఫోర్‌వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందేది, అదే ఫోర్‌బైఫోర్) మాట.

• ఆల్‌వీల్ డ్రైవ్, ఫోర్‌బైఫోర్ రెండూ ఒకటేనని ఎవరైనా అంటే తలూపకండి. ‘లో రేంజ్ గేరు (వేగం తగ్గించి లాగే బలం పెంచేది) ఉందా?’ అని అడగండి. గ్రాండ్ విటారా ఆల్‌వీల్ డ్రైవ్‌లో అది లేదు. జిమ్నీలో, థార్ ఫోర్‌బైఫోర్‌లో ఉంది. రాళ్ల ఎత్తు మెల్లగా ఎక్కాలన్నా, బ్రేకు మీదే భారం వేయకుండా దిగాలన్నా అదే దిక్కు.

• సీట్లు లెక్కపెట్టండి. జిమ్నీలో నలుగురే. అమ్మమ్మ కూడా వస్తానంటే? స్కార్పియో-ఎన్ చూడొచ్చు, కానీ అందులో ఫోర్‌బైఫోర్ డీజిల్‌కే. మూడో వరుసలో పెద్దవాళ్లను ఓసారి కూర్చోబెట్టాకే అడ్వాన్స్ కట్టండి. మోకాళ్లు చెప్పే మాట బ్రోషర్ చెప్పదు.

• పార్ట్‌టైమ్ ఫోర్‌బైఫోర్ (అవసరమైనప్పుడు మనమే వేసుకునేది) అయితే పొడి తారు మీద ఫోర్‌వీల్ వేయకండి. ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వాటి మధ్య ఉండదు. మలుపుల్లో బండి బిగుసుకుంటుంది, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

• స్పేర్ టైరు మిగతా నాలుగింటి సైజేనా? టో హుక్ (బండి ఇరుక్కుంటే తాడు కట్టి లాగే కొక్కెం) ఎక్కడుంది? డెలివరీ రోజే చూసుకోండి.