రొయ్యల చెరువు లెక్క ఫోన్‌లోకి ఎక్కించుకోవడం ఎలా

పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయిపోయి కాటా చీటీ చేతికొచ్చాక కూర్చుని లెక్కేస్తే తెలిసే నష్టం మనకి ఎందుకూ పనికిరాదు. అదే సంగతి పంట మధ్యలో, అరవయ్యో రోజున తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు. చెరువు లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవడం వల్ల నాకు కనిపించిన అసలు లాభం ఇదే, గ్రాఫులూ రంగులూ అన్నీ దీని తర్వాతే.

మాది భీమవరం వైపు. మూడు చెరువులు, అన్నీ కలిపి ఐదున్నర ఎకరాలు. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక టైగర్ రొయ్య వదిలేసి మా చుట్టుపక్కల అందరూ దీంట్లోకే వచ్చారు. వనామీ ఖర్చులో సగానికి పైగా మేతే. ఆ తర్వాత కరెంటు, డీజిల్, సీడ్ (రొయ్య పిల్లలు), మందులు, లీజు, కూలి. ఇన్ని ఖర్చులు, అదీ మూడు నాలుగు నెలల్లోనే, అదీ చాలా భాగం అప్పు మీద. వీటన్నిటినీ మూడు చెరువులకీ కలిపి ఒకే నోటుబుక్‌లో రాసుకుంటే ఏ చెరువు తినేస్తోందో, ఏది తిరిగి పెడుతోందో ఎలా తెలుస్తుంది చెప్పండి. అందుకే మొదటి నియమం, ప్రతి చెరువుకీ విడి ఖాతా. జనరేటర్ డీజిల్ లాంటి ఉమ్మడి ఖర్చుని ఎకరాల లెక్కన పంచేయండి. చాలు, అంతకంటే కచ్చితత్వం అక్కర్లేదు.

ఏ యాప్ అని అడుగుతారు. రెండు మూడు చెరువులే ఉంటే గూగుల్ షీట్స్ సరిపోతుంది, డబ్బు కట్టాల్సిన పని లేదు. చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ) ఇచ్చిన ‘వనామీ ష్రింప్‌యాప్’ జబ్బుల గురించి, మోతాదుల లెక్క గురించి బాగా పనికొస్తుంది, కానీ అది మీ ఖర్చుల పుస్తకం కాదు. పదీ ఇరవై చెరువులుండి, మనుషుల్ని పెట్టి చేయించేవాళ్లకి డబ్బు కట్టి తీసుకునే సాఫ్ట్‌వేర్ అవసరమే. అది తీసుకునే ముందు మూడు విషయాలు గట్టిగా అడగండి: గట్టు మీద సిగ్నల్ లేనప్పుడు కూడా నమోదు అవుతుందా, తెలుగులో ఉందా, మన డేటా మొత్తం ఎక్సెల్‌లో బయటకి తీసుకోవచ్చా. మూడోది లేకపోతే వద్దు. ఇంకోటి, మేతా మందులూ అమ్మేవాళ్లు ఉచితంగా ఇచ్చే యాప్‌లో మీ సరుకు ఎంతుందో, ఏ కౌంట్‌లో (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఉందో వాళ్లకీ తెలుస్తుంది. వాడొద్దని అనను, ఆ సంగతి తెలిసి వాడండి.

రోజూ ఎక్కించాల్సింది నిజానికి చాలా తక్కువ. చెరువు నంబరు, ప్రతి పూటా ఎన్ని కిలోల మేత వేశారు, రెండు గంటల తర్వాత చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం) ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత, ఆ రోజు ఏ మందు పడింది, ఏ ఖర్చు అయింది. మూడు నిమిషాల పని. కానీ ఆ మూడు నిమిషాలు ఎవరివి అన్నదే అసలు ప్రశ్న. మా దగ్గర మేత వేసే కుర్రాడికి టైప్ చేయడం రాదు, చేతులెప్పుడూ తడిగానే ఉంటాయి, వాడికి యాప్ నేర్పాలని నెల రోజులు పోరాడి ఊరుకున్నాం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెడతాడు. "అన్నా, రెండో చెరువు, పది గంటల మేత, తొమ్మిది కేజీలు, ట్రేలో కొంచెం ఉంది" అంతే. రాత్రి అన్నం తిన్నాక నేను కూర్చుని ఎక్కిస్తాను. ఒక్క రోజు మానేస్తే మర్నాడు రెండు రోజులది ఎక్కించాలి, నాలుగు రోజులు మానేస్తే ఇక అందాజు అంకెలే పడతాయి. అందాజు అంకెలు వేయడం కంటే ఆ గళ్లు ఖాళీగా వదిలేయడం నయం.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు చెబుతాను. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మేత పట్టికని బతికున్న రొయ్యల సంఖ్య మీదే లెక్కేస్తుంది. ఆ సంఖ్య ఇచ్చేది మనమే. లక్ష సీడ్ వేసి, బతుకుదల 90 శాతం అని పెట్టి వదిలేశారనుకోండి, లోపల నిజంగా 70 వేలే ఉంటే యాప్ చెప్పిన మేతంతా అడుగుకి చేరి బురదవుతుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ కుళ్లిన మేతతో నీళ్లు పాడవడం ఇంకో ఎత్తు. వారానికోసారి నాలుగైదు చోట్ల విసురు వల వేసి, పడిన రొయ్యల్ని లెక్కపెట్టి తూకం వేసి సగటు బరువు ఎక్కించండి. సంఖ్య విషయంలో మాత్రం చెక్ ట్రేనే నమ్మండి. ట్రేలో వరసగా మూడు పూటలు మేత మిగులుతుంటే యాప్ ఏం చెప్పినా తగ్గించండి, తగ్గించిన సంగతి, కారణం రాయండి. ఆటో ఫీడర్లు, ఆక్సిజన్ సెన్సర్లు పెట్టుకున్నవాళ్లకీ ఇదే మాట.

వారం చివర చూడాల్సిన అంకె ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టింది అని. ఎకరంలో లక్ష సీడ్ వేసి 75 వేలు బతికి 50 కౌంట్‌కి వస్తే 1,500 కిలోలు. ఎఫ్‌సీఆర్ 1.4 అయితే 2,100 కిలోల మేత, 25 కిలోల బస్తాలు 84. అదే 1.6 అయితే 96 బస్తాలు. మేత కిలో 95 రూపాయలు అనుకుంటే ఆ 12 బస్తాలు 28,500 రూపాయలు. ఒక్క ఎకరానికి! ఈ తేడా ఒక్క రోజులో రాదు, రోజుకి కిలో, రెండు కిలోలు ఎక్కువ పడుతూ పోగవుతుంది. నోటుబుక్‌లో కనపడదు, షీట్‌లో వారం వారం పక్కపక్కన పెడితే కనపడుతుంది.

ఇక నాకు బాగా ఉపయోగపడిన లెక్క, ఎప్పుడు పట్టాలి అన్నది. ధరలు ఉదాహరణకే తీసుకోండి. చెరువులో 75 వేల రొయ్యలు, సగటు 14.3 గ్రాములు, అంటే 70 కౌంట్, 1,072 కిలోలు. కిలో 260 రేటుకి సుమారు 2,78,850 రూపాయలు వస్తుంది. ఎదుగుదల మందగించి వారానికి గ్రామే పెరుగుతోంది. వారం ఆగితే 15.3 గ్రాములు, 65 కౌంట్, 1,147 కిలోలు, కౌంట్ మారింది కాబట్టి రేటు 270 అనుకుందాం, 3,09,825 వస్తుంది. దాదాపు 31 వేలు ఎక్కువ. ఖర్చు చూడండి. రోజుకి 35 కిలోల మేత, వారానికి 245 కిలోలు, 23,275 రూపాయలు. కరెంటు, డీజిల్, కూలి కలిపి ఇంకో ఏడు వేలు. మిగిలేది ఏడొందలు. ఏడొందల కోసం వైట్ స్పాట్ జబ్బు భయంతో ఇంకో వారం నిద్ర లేకుండా గట్టు మీద తిరగడమా? అదే వారానికి రెండు గ్రాములు పెరుగుతుంటే లెక్క మారిపోతుంది, అప్పుడు ఆగాలి. ఈ చిన్న లెక్కని షీట్‌లో ఒక గడిలో సూత్రంగా పెట్టేసుకోండి, రేటు మారిన ప్రతిసారీ ఆ ఒక్క అంకె మారిస్తే చాలు. నాన్న ఇదివరకు పక్క చెరువు వాళ్లు పడుతున్నారని పట్టేవారు, ఇప్పుడు "ఆగితే ఎంత మిగులుతుందో చూడరా" అంటున్నారు.

మేత బస్తాలు దిగిన ప్రతిసారీ చీటీని ఫోటో తీసి అదే రోజు ఎక్కించండి. పోయిన పంటకి మేం అప్పు తెచ్చుకునే షాపు వాళ్లు 471 బస్తాలకి బిల్లు వేశారు, మా షీట్‌లో 457 ఉన్నాయి. తేదీలవారీగా ఫోటోలు పెట్టి చూపిస్తే గొడవ లేకుండా సరిచేశారు. 14 బస్తాలంటే 33 వేల పైమాటే. ఇదివరకు ఇలాంటివి ఎన్ని కట్టేశామో తలుచుకుంటే కడుపు మండుతుంది.

మందుల పేజీని తేలిగ్గా తీసుకోవద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్ నిషేధం, యూరప్ వెళ్లే సరుకుకి పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబులో పరీక్ష ఉంటుంది. చెరువులో పడిన ప్రతి డబ్బా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాసి ఉంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

పట్టుబడి రోజు రాత్రి ఎంత అలసిపోయినా సరే, కాటా బరువు, కౌంట్, అమ్మిన రేటు ఎక్కించేయండి. అప్పుడే నిజమైన బతుకుదల ఎంతో తేలుతుంది. ఆ శాతం పక్కన ఏ హ్యాచరీ సీడో రాయండి. మళ్లీ సీడ్ కొనేటప్పుడు ఏజెంటు మాట వినే ముందు చూసుకోవాల్సిన పేజీ అదే.