ఉప్పుగాలికి మొరాయించే అంబాసిడర్: ముందు ఎర్తు, తర్వాత పాయింట్లు

విశాఖపట్నంలో లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఆరుబయట నిలిపిన పాత అంబాసిడర్ కొన్నాళ్లు కదలకపోతే, స్టార్ట్ చేయబోయినప్పుడు మొరాయించడం మామూలే. చాలామంది వెంటనే కార్బురేటర్ విప్పేస్తారు. దాని జోలికి ఆఖర్న వెళ్లండి. సముద్రపు తేమ ముందు దెబ్బతీసేది కరెంటు కలిసే చోట్లనే. ఇక్కడి కొలతలు 1489 సీసీ పెట్రోలు ఇంజనువి. ఇసుజు ఇంజను బండికి పనికిరావు.

సెల్ఫ్ (ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే మోటారు) నీరసంగా తిరుగుతోందా? ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్తు పట్టీ (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) చూడండి. బోల్టు కింద చిలుము చేరితే సెల్ఫ్ లాగే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ కేబుల్ వేడెక్కుతోందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. మల్టీమీటరు ఉంటే ఒక వైరు బ్యాటరీ ఎర్తు టెర్మినల్ మీద, రెండోది రంగు లేని ఇంజను లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి, 0.5 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో చిలుము ఉన్నట్టే. ముందు బ్యాటరీ ఎర్తు వైరు విప్పండి. తర్వాత పట్టీ రెండు కొసలనూ, బాడీ మీద అది ఆనే చోటునూ వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించండి. వాసెలిన్ బిగించాకే, పైపైన. రంగు వేసిన రేకు మీద బిగిస్తే పడిన శ్రమంతా వృథా.

సెల్ఫ్ హుషారుగా తిరిగినా ఇంజను అందుకోకపోతే పాయింట్లు, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు, చూడాలి. ఇగ్నిషన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) మూత క్లిప్పులు రెండూ తీసి, లోపల తిరిగే రోటర్‌ను పైకి లాగండి. పాయింట్ల ముఖాల మధ్య 400 నంబరు ఎమరీ ముక్కను నాలుగైదుసార్లు లాగి, ఆ పొడి పోయేలా పెట్రోలులో తడిపిన తెల్ల కాగితంతో తుడవండి. కొత్త పాయింట్లకూ నూనె పొర ఉంటుంది, వాటినీ తుడవాల్సిందే.

తర్వాత గ్యాప్. చదును నేల మీద బండిని టాప్ గేరులో పెట్టి మెల్లగా ముందుకు తోయిస్తే పాయింట్లను తెరిచే కామ్ తిరుగుతుంది. ప్లగ్గులు తీసేస్తే తోయడం సులువు. పాయింట్లు బాగా విచ్చుకున్న చోట ఆపి, స్క్రూ వదులు చేసి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) ఒరుసుకుంటూ కదిలేలా సరిచేయండి. స్క్రూ బిగించేటప్పుడు కొలత జరిగిపోతుంది, కాబట్టి మళ్లీ చూడాలి. కామ్‌కు పెసర గింజంత గ్రీజు చాలు. ఎక్కువైతే పాయింట్ల మీదికి చిమ్మి స్పార్క్ పోతుంది.

పాయింటు మడమ (కామ్‌ను ఆనుకుని ఉండే భాగం) అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగు (స్పార్క్ పడే సమయం) వెనకబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోవడానికి తరచూ ఇదే కారణం. గ్యాప్ మార్చిన ప్రతిసారీ టైమింగు కూడా సరిచూడాలి.

పాయింట్లు నీలంగా కాలి ఉంటే కండెన్సర్‌ను (పాయింట్ల మధ్య నిప్పురవ్వలను తగ్గించేది) అనుమానించండి. దాన్ని వదిలేసి పాయింట్లు ఎన్ని మార్చినా అలాగే కాలిపోతాయి.